ఓర్విల్ టాకెట్ కళ్ల అర్జీ

మా కెంటకీ కొండల్లో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే "బాగానే ఉన్నా" అనాలి. కాలు విరిగినా అదే, ఇల్లు కాలినా అదే. ఓర్విల్ టాకెట్ ఈ మర్యాదను కొంపమీదికి తెచ్చుకున్నాడు.

వియత్నాం యుద్ధంలో, అడవుల్లో ఆకులు రాలాలని మా సైన్యమే చల్లిన మందులో మేమిద్దరం కలిసే తడిశాం. నాకేమీ కాలేదు. వాడికి షుగరు వచ్చింది, ఆ షుగరు కళ్లను తినేసింది. చూపు పోవడం కూడా యుద్ధం పుణ్యమేనని సర్కారు ఒప్పుకుంటే నెలనెలా భత్యం పెరుగుతుంది. అప్పుడు వాడి భార్య వెర్నా, అరవై తొమ్మిదేళ్ల మనిషి, కోళ్ల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి మాంసం కోసే పని మానేయొచ్చు. మాజీ సైనికుల సంఘంలో అర్జీలు రాసిపెట్టేది నేనే కాబట్టి వాడిదీ నేనే రాశాను.

మొదటిసారి వాడొక్కడే సర్కారు డాక్టరు దగ్గరికి కంటి పరీక్షకు వెళ్లాడు. గోడమీది అక్షరాలు చదవమన్నారట. చదవలేనంటే పనిదొంగ అనుకుంటారని, కనబడనివి కూడా ఊహించి గట్టిగా చదివాడు. చాలావరకు కలిసొచ్చాయి. జబ్బుంది గానీ చూపుకు లోటు లేదని రాసి అర్జీ కొట్టేశారు.

"నీకు బుద్ధుందట్రా? కనబడదని చెప్పి రమ్మంటే పరీక్ష పాసై వస్తావా?"

"ఆ డాక్టరు నిన్నగాక మొన్న పుట్టాడ్రా డెల్మర్. వాడి ముందు ఏడవమంటావా?"

మళ్లీ అర్జీ పెడితే రెండోసారి పరీక్షకు పిలిచారు. ఈసారి వెర్నా, నేను వెంట వెళ్లాం. దారి పొడుగునా పాఠం చెప్పాను. గదిలో అడుగు పెట్టగానే డాక్టరమ్మ ఎలా ఉన్నారని అడిగింది.

"బాగానే ఉన్నా మేడమ్."

నేను తల పట్టుకున్నాను.

"మీ ఆవిడ మొహం కనబడుతోందా?"

"ఎందుకు కనబడదూ! అదిగో, ఆకుపచ్చ కోటు వేసుక్కూర్చుంది. పెళ్లై నలభై ఎనిమిదేళ్లయినా చక్కగానే ఉంది కదూ?"

కోటు కుర్చీకి తగిలించి ఉంది. వెర్నా వాడి వెనక గోడ దగ్గర నిలబడి ఉంది.

మామూలుగా ఇలాంటప్పుడు తనెక్కడుందో తెలిసేలా ఆవిడ దగ్గుతుంది. వాడు అటు తిరిగి, చూసినట్టు నవ్వుతాడు. ఊరంతా ఏళ్ల తరబడి ఆ నాటకాన్ని నమ్మినట్టు నటిస్తోంది, నాతో సహా. ఆరోజు మాత్రం ఆవిడ దగ్గకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు కోటును చూసి నవ్వుతూనే ఉన్నాడు. అర్జీలు రాసేవాణ్ణి, నేను సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ చాలాసేపు రాసుకుంది, ఆ రాతతోనే తర్వాత అర్జీ మంజూరైంది.

"ఇక పద," అంది వెర్నా. గొంతు వెనకనుంచి రావడంతో వాడికి విషయం అర్థమైంది. ఆవిడ అడుగుల చప్పుడు వెంట బయట గుమ్మం దాకా నడిచాడు.

"దగ్గొచ్చు కదే," అన్నాడు.

"దగ్గితే మళ్లీ కొట్టేస్తారు. నా మోకాళ్లు ఇక ఓపలేవయ్యా."

ఓర్విల్ ఆవిడ వైపు చెయ్యి చాపాడు.

"మెట్లెన్నున్నాయో చెప్పు," అన్నాడు.