అక్క ఊపిరితిత్తి, నా ప్రశ్నలు

అక్క ఊపిరితిత్తిలోని గడ్డను రోబోతో తీస్తామని చెప్పి, కోల్‌కతా ఆసుపత్రివాళ్లు అంగీకారపత్రం నా చేతికిచ్చారు. గోడమీద ఆ యంత్రం ఫొటోకు యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజనాటి కుంకుమబొట్టు ఇంకా ఉంది. నాకు అనుమానం ముదిరింది. అద్భుతాలు అమ్మేవాళ్లను జన్మంతా నిలదీసినవాణ్ని.

"యంత్రం మధ్యలో ఆగిపోతే?" అని సర్జన్‌ను అడిగాను.

"దాన్ని కదిపేది నేనే, దాదా. ఆగితే ఛాతీ తెరిచి చేత్తోనే తీస్తాను. ఒకసారి అలా చేయాల్సొచ్చింది."

ఆ ఒప్పుకోలు నచ్చింది గానీ, అనుమానం తీరలేదు. మళ్లీ ప్రశ్నించబోతుంటే అక్క కాగితం లాక్కుంది.

"ఆడవాళ్ల హక్కులని సభల్లో అరుస్తావు కదరా! నన్నొక్క మాటడిగావేటి? ఊపిరితిత్తి ఎవరిది?"

సంతకం పెట్టకుండా సర్జన్ వైపు తిరిగింది.

"డాక్టర్ బాబూ, నొప్పి ఎన్నాళ్లుంటాది?"

ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు.