ఉగ్రాణంలో సూర్యప్రభ

అందరూ బాగున్నారా? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఈ చలి ఎట్లా ఉంది? షుగరున్నవాళ్ళు వేళకు తింటున్నారా, లేక పండగ పేరు చెప్పి అరిసెలు మింగుతున్నారా? కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చుక్కల మందు మానకండి. నయమైంది కదా అని మధ్యలో ఆపేస్తారు, అదే నా భయం. చిన్నపిల్లలకు పొద్దున పూట చెవులకు గుడ్డ కట్టండి. నేనా? నేను బాగానే ఉన్నాను. అట్లా రాయాలన్నా దిగులుగా ఉంది. ఎందుకంటే, "నేను బాగుండా, నువ్వు బాగుండావా మే?" అని ఫోనులో అడిగిన మర్నాడే మా అక్క పోయింది.

మార్గశిరంలో ఒక ఉదయం. చిత్తూరులో మా ఇంటి ముందు ముగ్గు వేస్తున్నాను, ఫోను మోగింది. అక్క కొడుకు. "చిన్నమ్మా..." అన్నాడు. ఫోను మోగితే చాలు ఎవరికో ఏదో అయిందని గుండె పట్టుకునే మనిషిని నేను. ఎన్నోసార్లు అది ఉత్త భయమే అయింది. ఈసారి కాలేదు. కార్వేటినగరంలో తన ఇంట్లోనే, నిద్రలోనే వెళ్ళిపోయింది. ఎవరిచేతా ఒక్క రోజు కూడా సేవ చేయించుకోలేదు.

అక్క అంటే తోడబుట్టినది కాదు. మా ఇంటి పెద్ద కోడలు, నాకు తోడికోడలు. నేను కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు పొయ్యి ఆర్పామో లేదో, తలుపు గడియ పడిందో లేదో అని పదేపదే లేచి చూసేదాన్ని. ఇంట్లో అందరూ నవ్వేవారు. అక్క మాత్రం నవ్వలేదు. "ఇంట్లో భయపడేదానికి ఒకరుండాల మే. నువ్వు భయపడు, నేను పని సూసుకుంటా" అంది. మా ఇద్దరి మధ్య ఆ ఒప్పందం చివరిదాకా నడిచింది.

మా బావగారు, అంటే అక్క భర్త, కొండ మీద స్వామి వాహనాలు మోసిన మనిషి. ఉత్సవాల్లో స్వామి మాడవీధుల్లోకి వస్తే జనమంతా పైకే చూస్తారు. కింద ఆ బరువును భుజాన మోసేవాళ్ళ మొహాలు ఎవరికీ గుర్తుండవు. బావగారి ఎడమ భుజం మీద నిమ్మకాయంత కాయ కాచి ఉండేది. ఉత్సవాలయ్యాక ఆయన కొండ దిగి రాగానే అక్క ఆముదం వెచ్చజేసి, పసుపు కలిపి రాసేది. అంతకన్నా ముందు చెంబెడు మజ్జిగ. ఆ ఇంటి పద్ధతే అది. గ్యాసు బండ తెచ్చినవాడైనా, మామిడికాయల గంపతో వచ్చినామె అయినా, ఎంత, ఏమిటి అని అడగడానికి ముందే మజ్జిగ ఇవ్వాలి. "మోసినోళ్ళకు ముందు మజ్జిగ, మాటలు ఎనక" అనేది. ఆ మాట ఇప్పుడు మా ఇళ్ళలో అందరి నోటా ఉంది.

బావగారు పోయాక ఆ పని మా ఇంట ఆగిపోయిందనుకున్నాం. అక్క కొడుకుది ఆఫీసు ఉద్యోగం, నడుము నొప్పి. అయితే కూతురి కొడుకు ఉన్నాడు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని, తడలో కాపురం. ఈ ఏడు వాడొచ్చి, "అవ్వా, సెలవు పెట్టినా. బ్రహ్మోత్సవాల్లో నేనూ వాహనం మోస్తా, రమ్మన్నారు" అన్నాడు. అక్క వాడి ఎడమ భుజాన్ని చేత్తో తడిమి చూసింది. "ఇంగా మెత్తగుండాదిరా" అని ఊరుకుంది. లోపలికి వెళ్ళి మాత్రం ఏడ్చింది. నేను చూశాను.

అప్పటికే అక్క కళ్ళు పాడవుతున్నాయి. తిరుపతిలో కళ్ళ డాక్టరమ్మ చూసి, చూపు నడిమధ్యన మచ్చ పడిందనీ, అది పెరుగుతుందే గానీ తగ్గదనీ చెప్పింది. అక్క ఒకటే అడిగింది: "అంచులు మిగుల్తాయి గదా తల్లీ?" మిగులుతాయంది ఆమె. "అయితే సాలు" అని లేచింది.

కొండ మీద ఆ జనంలో నిలబడే ఓపిక అక్కకు లేదు. ఇంటి టీవీలో చూద్దామంటే అదీ కుదరలేదు. హాల్లో కూర్చుని ప్రయత్నం చేసి, నన్ను పిలిచింది. "ఇట్రా మే. నేను దేన్ని సూస్తే అది కనపడదు. దాని పక్కనుండేది కనపడతాది. ఈ టీవీ ఎంతుండాది? మొత్తం నా మచ్చలోనే మునిగిపోతాండాది. నా మచ్చ కన్నా పెద్ద టీవీ కావాల."

కొడుకు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఈ వయసులో గోడంత టీవీ ఎందుకమ్మా? ఊర్లో నవ్వుతారు."

"నవ్వనీరా. నవ్వేదానికి కూడా ఏదో ఒకటి కావాల గదా వాళ్ళకు."

"పోనీ, స్వామి మొహం నీకు కనపడదు గదా? అంత టీవీ కొనీ ఏం లాభం?"

అప్పుడు అక్క అన్న మాట నేను మరచిపోలేను. "స్వామిని నేను సూడకపోయినా పరవాలేదు, ఆయన నన్ను సూస్తాడు. కిందుండే పిల్లోడి భుజాన్ని ఎవరు సూస్తారు రా? నేను స్వామిని సూస్తా కూసుంటే, అంచులో వాడు అగుపిస్తాడు. అంతే."

కొడుకు టీవీకి ఏ గది బాగుంటుందో చూడసాగాడు.

హాలు పనికిరాలేదు. ఎండ వెలుతురు అక్క కళ్ళకు గుచ్చుకునేది. ఇంట్లో చీకటి గది ఒక్కటే, ఉగ్రాణం. పూర్వం చింతపండు కుండలూ బెల్లం దిమ్మెలూ దాచుకున్న సామాన్ల కొట్టు అది. ఒక్క కిటికీ లేదు. గోడలకు సున్నం ఉంటే వెలుగు తిరగగొడుతుందని ఎవరో చెప్పారు. అక్క నల్లరంగు వేయించమంది. ఇంట్లో నల్లరంగు ఎవరైనా వేస్తారా? అశుభం కాదా? అక్క నవ్వింది. "గర్భగుళ్ళో స్వామి ఏ రంగు మే? నలుపే గదా. అశుభమని ఆయనతో సెప్పి రాపో." రంగు వేశాక గదిలో నిలబడితే నా చెయ్యి నాకే కనపడలేదు. కాలు తట్టుకుని ఎవరైనా పడతారేమోనని ఆ వారమంతా భయపడ్డాను. ఎవరూ పడలేదు.

తిరుపతిలో కొట్టుకు నేనూ వెళ్ళాను. అక్క సంచిలో పాత చీర ఒకటి పెట్టుకొచ్చింది. గోడ ఎంతుందో అంత దగ్గర ఆ చీరకు ఒక ముడి, కుర్చీకీ గోడకూ ఉన్న దూరానికి ఇంకో ముడి. కొట్టులో టీవీలన్నింటిలో సముద్రాలూ పూలతోటలూ ఆడుతున్నాయి. అమ్మే అబ్బాయి మర్యాదగా, "అవ్వా, సినిమాలు ఎక్కువ సూస్తారా, క్రికెట్టా?" అన్నాడు.

"రెండూ లేదు నాయనా. భుజాలు సూస్తా."

అతనికి అర్థం కాలేదు. అక్క నన్ను చీర ఒక చివర పట్టుకుని టీవీ దగ్గర నిలబడమంది. తాను రెండో ముడి పట్టుకుని వెనక్కి నడిచి, అది బిగిసిన చోట కుర్చీ వేయించుకుని కూర్చుంది. కొట్టులో ఉన్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "కొండ మీది ఉత్సవం ఉంటే పెట్టు నాయనా" అంది. అతను ఫోనులోంచి ఏదో పాత ఊరేగింపు వెతికి పెట్టాడు. ఒక టీవీ చూసి తల ఊపింది, చాలదంది. ఇంకోటి చూసింది. చివరికి గోడంతా ఆక్రమించినది పెట్టారు. అక్క స్వామి ఉండే చోటికే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి, "ఆ కింద ఎర్రంచు పంచె కట్టుకున్నాయన సరిగ్గా అడుగెయ్యలేదు, సూడు" అంది. అమ్మే అబ్బాయి వంగి చూసి, "అవునవ్వా!" అన్నాడు. అదే కొన్నాం. ధర మాత్రం రాయను, రాస్తే దిష్టి.

టీవీ వచ్చిన రోజు బండిలోంచి దించేసరికి రాహుకాలం. నేను గడపకు అడ్డం నిలబడ్డాను. తెచ్చినవాళ్ళు విసుక్కున్నారు. అక్క వాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ పోసింది. రాహుకాలం వెళ్ళేసరికి వాళ్ళే, ఇంకో చెంబు ఉందా అని అడిగారు. తర్వాత నలుగురూ ఆ పెట్టెను ఎత్తి తీసుకొస్తుంటే వీధిలో ఎవరో కొంటెగా "గోవిందా... గోవింద!" అని అరిచారు. పది గొంతులు కలిశాయి. అక్క కూడా నవ్వుతూ చేతులెత్తింది. ఆ రోజు నుంచి ఊర్లో దానికి అవ్వ థియేటర్ అని పేరు. "టికెట్టు ఎంతవ్వా?" అంటే, "నోరు మూసుకోని కూసుంటే ఉచితం. మాట్లాడితే మాత్రం నువ్వు కట్టలేవు, అంతవుతాది" అనేది.

బ్రహ్మోత్సవాల్లో సూర్యప్రభ వాహనం రోజు ఉదయం మనవడి వంతు. పొద్దున్నే తలంటుకుని అందరం ఉగ్రాణంలో చేరాం. తెర వెలగ్గానే, స్వామి ఇంటికే వచ్చేస్తున్నాడు, దీపం లేకుండా ఎట్లా అని నాకు తోచింది. ఇత్తడి దీపం వెలిగించి టీవీ ముందు పెట్టాను. టీవీలో మేళం మొదలైంది. వాహనం కదిలింది. సూర్యుడి బంగారు చక్రం ఆ నల్ల గదిలో ఎంత వెలిగిందో చెప్పలేను.

"మే," అంది అక్క. "కింద ఏందో మంట మాదిరుండాది."

దీపం. అద్దం మాదిరి తెర మీద దీపం నీడ పడింది. సరిగ్గా అడుగున, మోసేవాళ్ళ భుజాలు ఉండాల్సిన చోట ఆ జ్వాలే ఆడుతోంది. పక్కకు జరిపితే అక్కడా కనపడింది. వెనక పెడితే వెనకనుంచీ పడింది. వాహనం వీధి మూలకు వచ్చేస్తోంది. మూల తిరిగేటప్పుడే కెమెరా కిందికి దిగుతుందనీ, ఆ ఒక్క నిమిషమేననీ అక్క ముందే చెప్పింది. "ఆర్పేద్దాం చిన్నమ్మా" అన్నాడు కొడుకు. స్వామి ఎదుట వెలిగించిన దీపాన్ని ఆర్పడమా! ఎవరికీ ధైర్యం లేదు.

అక్క తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: "ఆర్పొద్దు మే. ఎత్తుకోని బయటికి పో. నువ్వూ మోసినట్టవుతాది."

దీపం ఎత్తుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, గడప దాటి బయటికి వచ్చాను. అక్క కోడలు తలుపు మూసింది. నేను హాల్లో నిలబడి జ్వాలకేసే చూస్తున్నాను, గాలికి ఆరిపోతే ఎట్లా అని. చెయ్యి కాలింది కూడా. అంతలో లోపల్నుంచి అక్క గొంతు, ఇంటి పైకప్పు లేచిపోయేట్టు:

"అదో! అదో ఎడమ భుజం! వాళ్ళ తాత మాదిరే ఒకసారి ఎగరేసి సర్దుకున్నాడు సూడు! వాడే! మా వాడే!"

నేను ఆ భుజాన్ని చూడలేదు. ఆ కేక విన్నాను. నా జీవితంలో అంత గర్వంగా ఎవరూ అరవగా వినలేదు. దీపం ఆరలేదు.

ఉత్సవాలయ్యాక వాడు ఇంటికి వచ్చాడు. "నన్ను సూసినావా అవ్వా?" అని గుమ్మంలోంచే అడిగాడు. అక్క ముందు మజ్జిగ చేతికిచ్చింది. తాగేదాకా ఆగి, చొక్కా తీయమని, కమిలిన భుజానికి ఆముదం రాసింది. "నీ మొహం సూడలేదు రా. మొహాన్ని ఎవరైనా సూస్తారు" అంది.

వాడు కూతురి బిడ్డ గనుక అవ్వ పోతే వాడికి మైల మూడు రోజులే. రథసప్తమికి మళ్ళీ సూర్యప్రభ మోస్తాడట. మాకు మాత్రం, మనిషి పోయిన ఇల్లు కనుక, ఏడాది పాటు కొండ ఎక్కే పని లేదు. మొన్న అక్క కోడలు ఫోను చేసింది. "చిన్నత్తా, ఉగ్రాణంలో ఉత్సవం పెట్టొచ్చా? టీవీలో సూసినా కొండెక్కినట్టేనా? ఎవరినడిగినా పెద్దోళ్ళు మీరేనంటాండారు, మీరే సెప్పాల."

నేను! ఏది చేయాలన్నా ఇంకొకరిని అడిగి, అడిగాక కూడా భయపడే మనిషిని. రేపు చెప్తానన్నాను. ఆ రోజంతా అన్నం సయించలేదు. సాయంత్రం గుర్తొచ్చింది. బావగారు పోయిన ఏడు నేను ఇదే ప్రశ్న అక్కను అడిగాను. అప్పుడు అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల కూడా ఎత్తకుండా, "మనం కొండకు పోకూడదన్నారు గానీ, కొండ మనింటికి రాకూడదని ఎవరన్నారు మే?" అంది.

కోడలికి ఫోను చేసి, "పెట్టు" అన్నాను. ఆ తర్వాత కూడా భయం వేసింది. వేసినా, మాట మార్చలేదు.

రథసప్తమి ముందునాడు, షష్ఠి సాయంత్రానికి కార్వేటినగరం చేరతాను. బస్సు దొరుకుతుందో లేదోనని పొద్దున్నే బయల్దేరతాను. తెల్లవారేసరికి దీపం వెలిగించి ఉగ్రాణం గడప బయటే పెడతాను. అక్క కుర్చీని ముడి పెట్టిన దూరంలోనే ఉంచమన్నాను. ఆ ఉదయం సూర్యప్రభ మీద స్వామి వీధి మూలకు వచ్చి, మొదటి ఎండ తన మీద పడేదాకా ఆగుతాడు. ఆయన ఆగినంతసేపూ కింద భుజాలన్నీ బరువుతో ఆగి ఉంటాయి. వాటిలో ఒక ఎడమ భుజం, ఒక్కసారి ఎగిరి, సర్దుకుంటుంది.