'కూత లేదు' అని రాసిన రెండేళ్ళు

నూలు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు దారం చుట్టే యంత్రాల మధ్య నిలబడిన మనిషి, రిటైరయ్యాక కాళ్ళు బారజాపుకుని కూర్చుంటుందనుకున్నారు అందరూ. ఆమె రబ్బరు బూట్లు కొనుక్కుంది.

కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబ్ చూసే మాస్టారు ఒకాయన, ఊళ్ళో ఎక్కడెక్కడ ఏ కప్పలు, ఏ బల్లులు, ఏ పాములు ఉన్నాయో జీతం బత్తెం లేకుండా రాసిపెట్టే జట్టు ఒకటి కట్టాడు. అందులో చేరింది. పాత ఇటుక బట్టీ వెనక, మట్టి తవ్వగా మిగిలిన నీటిగుంట ఆమె వంతుకు వచ్చింది. వారానికొకసారి పొద్దువాలే వేళ గట్టు మీద పది నిమిషాలు నిలబడి ఏ కప్ప ఎన్నిసార్లు కూసిందో కాగితం మీద రాయాలి. ఏడాది తిరక్కుండానే పేటలో ఆమెకు 'కప్పలక్క' అని పేరు పడిపోయింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమే ఆమె ఆడపడుచూ. అన్న పోయాక కూడా వదినను విడిచి వెళ్ళని మనిషి ఆ ఆడపడుచు. ఆసుపత్రిలో నర్సు. నోరు ఊరుకోదు. "మా వదినకి మనుషుల మాట చెవికెక్కదు, కప్ప పిలిస్తే మాత్రం పరుగే" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఆ గుంటలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి అరచేయంత పెద్దకప్ప. దాని గొంతు డోలు మోగినట్టుంటుంది. రెండోది బొటనవేలి గోరంత చిన్నకప్ప, దాని కూత గాజు మీద మేకుతో గీసినంత సన్నం. మాస్టారికి ఆ చిన్నదాని మీదే ప్రాణం. మూడో ఏడు వానలకు కప్పలక్క దాని పక్కన 'కూత లేదు' అని రాసింది. మరుసటి వారమూ అంతే. అలా రెండేళ్ళు.

మాస్టారు లబోదిబోమన్నాడు. కారణం కోసం జట్టంతా ఒక పగటిపూట వెతికితే గుంటకు ఎగువనున్న లాండ్రీ కనబడింది. దాని కాలువ గుంటలోకే వస్తుంది. "మూడు ఇసుక గుంతల్లో వడగట్టే వదుల్తున్నానండీ" అని లాండ్రీ ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు. కప్పలక్క కాగితాలన్నీ జతచేసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. కాలువ నోటికి సిమెంటు పడింది. నీళ్ళు పోయే దారిలేక అతను పెద్ద యంత్రాలు రెండూ ఆపేసి, పనివాళ్ళిద్దరినీ పంపేశాడు.

తర్వాత నాలుగు నెలలకు కప్పలక్క కాలు బెణికింది. తోడుగా ఆడపడుచు గొడుగు పట్టుకుని గుంట దగ్గరికి వచ్చింది.

"అబ్బ, ఏం గోల వదినా! చెవుల్లో సూదులు దింపుతున్నట్టుంది."

"ఏ గోలే?"

"ఈ కీచుమనేవి. ఇవి కూడా కప్పలేనా?"

వేళాకోళమేమోనని కప్పలక్క ఆమె ముఖంలోకి చూసింది. లేదు. టార్చి వేసి గడ్డిలో వెతికితే ఒక పరకను పట్టుకుని గోరంత కప్ప కనిపించింది. దాని గొంతు బుడగలా ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. చప్పుడు మాత్రం లేదు.

ఈమధ్య కుక్కరు విజిళ్ళు ఆవిరి చూసి లెక్కపెడుతున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మిల్లులో ముసలివాళ్ళంతా చెవుడుతోనే ఇళ్ళకు పోయారు. వాళ్ళను చూసి నవ్విన వాళ్ళలో తానూ ఉంది.

"వదినా, నీకు వినబడట్లేదా?"

"వినబడుతోందిలే. ఎన్ని కూస్తున్నాయో నువ్వు చెప్పు."

"పదికి తక్కువ ఉండవు."

కప్పలక్క 'పది' అని రాసింది. ఆడపడుచు మొదటిసారి నోరు మెదపకుండా ఇల్లు చేరింది.

ఆదివారం జట్టు కూడింది. మాస్టారి ముఖం వెలిగిపోతోంది. "కాలువ మూయించాం, చిన్నకప్ప తిరిగొచ్చింది! ఇదంతా కప్పలక్క చలవే, చప్పట్లు కొట్టండి!" అన్నాడు. అందరూ కొట్టారు. ఆమె లేచి నిలబడి, తన చెప్పుల వంక చూస్తూ, "అందరి కష్టమండీ" అంది.

ఆ తర్వాత మూడు రోజులు అన్నం కలుపుకుని, కంచం అలాగే వదిలి లేచేది. "తినడం మానేస్తే చెవులొస్తాయా?" అని కసిరింది ఆడపడుచు. నాలుగో రోజు పొద్దున్నే కప్పలక్క లాండ్రీకి వెళ్ళింది.

ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు. చూసి, "కూర్చోండమ్మా!" అన్నాడు, మాటా మాటా విడదీసి, గట్టిగా.

"అంత గట్టిగా చెప్పక్కర్లేదు."

"మూడేళ్ళుగా గట్టిగానే చెబుతున్నానమ్మా. దుప్పట్లు ఎప్పటికి కావాలని అడిగితే 'రెండు' అనేవారు మీరు."

ఆమె బల్ల మీద కూర్చుంది. "తెలిసి కూడా ఆనాడు ఎందుకు చెప్పలేదు?"

"ఆ కాగితాలు చెవులతో రాస్తారని నాకేం తెలుసు? కళ్ళతో చూసి రాస్తారనుకున్నా."

ఇక దాచడానికేమీ లేదు. "కప్పలు ఎక్కడికీ పోలేదు. వినబడనిది నాకు. రెండేళ్ళు తప్పు రాశాను. తెలిశాక కూడా, చప్పట్లు కొడితే నోరు మూసుకున్నాను."

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. 

"మా ఆవిడ బజారుకెళ్తే 'కప్పల్ని చంపినోళ్ళు' అన్నారమ్మా. ఆ మాటని ఎవరు తుడుస్తారు?"

ఆమె మాస్టారికి చెప్పి వస్తానని లేచింది. "నేనూ వస్తాను. మీరు చెప్పేది నేను వినాలి" అని ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

ల్యాబులో మాస్టారు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ముందే చెప్పుంటే బాగుండేదమ్మా" అన్నాడు. "ముందు నాకే తెలియదు. తెలిసిన రోజైనా చెప్పాల్సింది, చెప్పలేదు" అందామె. తొంభై ఆరు కాగితాల మీద ఆయన ఎర్రసిరాతో అడ్డగీత కొట్టుకుంటూ పోయాడు. సగంలో ఆగి, లాండ్రీ ఆయన వైపు చూడలేక, "ఇంకొకర్ని పంపి ఒక్కసారి వినమన్నా సరిపోయేది. అర్జీ మీద సంతకం నాదేనండీ" అన్నాడు.

కాలువ తెరవమని మాస్టారు పెట్టిన రెండో అర్జీకి సిమెంటు పగలడానికి ఐదు నెలలు పట్టింది. ఒక యంత్రం మళ్ళీ తిరిగింది. పనివాళ్ళలో ఒకడు వచ్చాడు, రెండోవాడు వేరేచోట కుదురుకున్నాడు. కప్పలక్క దుప్పట్లు ఇప్పటికీ అక్కడే వేస్తుంది. లాండ్రీ ఆయన పలకరిస్తాడు. ఆయన భార్య మాత్రం మూట అందుకుని, తల ఎత్తకుండా లోపలికి వెళ్ళిపోతుంది.

ఆడపడుచు పట్టుబట్టి చెవి మిషను పెట్టించింది. అందులో చిన్నకప్ప కూత రేకు డబ్బా గీకినట్టుంటుంది. దాన్ని నమ్మి రాయడానికి కప్పలక్కకు ధైర్యం చాలలేదు. కళ్ళతో చేసే పని అడిగి తీసుకుంది. ఇప్పుడు పొద్దున్నే గుడ్ల తెట్టెలు, తోకకప్పలు, ప్రహరీల మీద ఎండ కాచుకునే నలికిరి బల్లులు లెక్కపెడుతుంది.

మాస్టారు జట్టు కాగితంలో పైన కొత్తగా ఒక గడి చేర్చాడు: 'రాసేవారి వినికిడి పరీక్ష జరిగిన తేదీ'. అది ఎందుకొచ్చిందో జట్టులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ తేదీ నింపేటప్పుడు కప్పలక్క ఎడమచేయి కాగితానికి అడ్డుపెట్టుకుంటుంది.