ఎర్రదారం అత్తయ్య కొలతలు

బట్టల మీద రాసిన సైజు అంకెను అత్తయ్య జన్మలో నమ్మలేదు. చొక్కా కాలరుకైనా, జీన్స్ నడుముకైనా ఆవిడ సంచిలోని ఎర్రదారమే సాక్ష్యం. మనుషులనూ దానితోనే కొలిచేది. ఆప్యాయంగా వాటేసుకుందంటే వీపు వెనక దారానికి ముడి పడుతోందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆవిడ చేతులు చాస్తే చాలు, తమ్ముడు పెరట్లోకి పరుగు తీసేవాడు.

అందుకే రెండు వారాల కిందట మేనకోడలు గిన్నెలు తోముతుంటే అత్తయ్య వెనకనుంచి వచ్చి వాటేసుకునేసరికి కెవ్వుమంది.

"ఏం లేదే, ముద్దొచ్చావు," అంది అత్తయ్య, దారం సంచిలోకి తోస్తూ.

ఈ శనివారం బట్టల షాపు మెట్లెక్కుతుంటే మాత్రం మేనకోడలికి నవ్వు రాలేదు. సోమవారం నుంచి ప్రెస్సులో ఉద్యోగం. అచ్చుయంత్రాల మధ్య పని కాబట్టి వదులు బట్టలతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తామన్నారు. జీన్స్ కొనక తప్పదు. జీన్సంటేనేమో గుండె దడ. మూడు వారాల కిందట కొనబోతే ఒక షాపులో ముప్ఫై నంబరు జారిపోయింది. పక్క షాపులో ముప్ఫై రెండు మోకాళ్ళు దాటలేదు. ఇదిగో, ఈ షాపులోనే ముప్ఫై నాలుగు ఎక్కింది గాని దిగలేదు. ట్రయల్ రూములో ఇరుక్కుపోతే సేల్స్ అమ్మాయిలిద్దరు చెరో కాలూ పట్టి లాగారు. తలుపు బయట ఎవరో కిసుక్కున నవ్వారు. తనే రోజురోజుకూ ఊరిపోతున్నానని భయం పట్టుకుని, అప్పటినుంచీ రాత్రిపూట తిండి మానేసింది. ఎవరూ గమనించలేదనుకుంది.

"అత్తా, మళ్ళీ ఈ షాపేంటి? నా వల్ల కాదు. వెళ్ళిపోదాం, నీకు పుణ్యముంటుంది."

"నోరు మూసుకుని నడు."

అత్తయ్యను చూడగానే కౌంటరు దగ్గర కుర్రాడి ముఖం పాలిపోయింది. "అమ్మో, వచ్చేశారు," అని మడతపెట్టిన బట్టల వెనక్కి వంగాడు. ఈవిడ ఇక్కడ ఏం ఘనకార్యం చేసిందోనని మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

అత్తయ్య మూడు జీన్సులు లాగి బల్ల మీద పరిచింది.

"ఈ మూడూ ఒకటే సైజా నాయనా?"

"ఒకటేనండీ. ముప్ఫై రెండు."

ఎర్రదారం బయటికొచ్చింది. మొదటిదాని మీద దారం నాలుగు వేళ్ళు మిగిలింది. రెండోదాని మీద మూడు వేళ్ళు చాలలేదు. మూడోదాని సంగతి చెప్పనే అక్కర్లేదు.

"ముగ్గురూ ఒక తల్లి బిడ్డలే అంటావు. పోలికేదీ?"

"అది కంపెనీని బట్టి ఉంటుందండీ..."

"అయితే నడుము కూడా కంపెనీని బట్టి మార్చుకోవాలా?"

షాపంతా ఇటు తిరిగింది. మేనకోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో కుర్రాడు బల్ల కిందనుంచి ఇంకో జీన్స్ తీసి ఇచ్చాడు.

"ఇది తొడుక్కో," అంది అత్తయ్య.

ట్రయల్ రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. అదే గది, అదే అద్దం. కళ్ళు మూసుకుని ఒక కాలు పెట్టింది. రెండోది పెట్టింది. మోకాళ్ళు దాటింది. ఊపిరి బిగబట్టి బొత్తాం పెట్టింది. పడింది! భయం భయంగా ఊపిరి వదిలింది. బొత్తాం కదల్లేదు. కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. సైజెంతో చూద్దామంటే లేబుల్ లేదు, శుభ్రంగా కత్తిరించేశారు.

తలుపు తీస్తే ఎదురుగా, ఆ రోజు కాలు పట్టి లాగిన సేల్స్ అమ్మాయి.

"సరిపోయిందా అక్కా? హమ్మయ్య! మీ అత్తయ్య రెండు వారాలుగా రోజూ వచ్చి, ఉన్నవన్నీ ఆ దారంతో కొలిచారు. నిన్న ఇది దొరకగానే కొనేసి, లేబుల్ కత్తిరించి ఇక్కడే దాచమన్నారు. ఇంటికి తీసుకెళ్ళొచ్చు కదండీ అంటే, 'మా పిల్లకి ఈ గదంటే భయం, ఇందులోంచే నవ్వుతూ బయటికి రావాలి' అన్నారు."

మేనకోడలు అత్తయ్య దగ్గరికి వెళ్ళి, "ఇంతకీ నంబరెంత అత్తా?" అంది.

"కళ్ళజోడు తేలేదే, చూళ్ళేదు."

"నెత్తిమీదుంది."

"అదా... అది దూరానికి. పద, ఏదైనా తిందాం. రాత్రికి కూడా కడుపునిండా తిను. రెండు వేళ్ళు వదులు పెట్టే ముడేశాను."

మేనకోడలు ఒక్క అంగలో వెళ్ళి ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

అత్తయ్య కంగారుగా వీపు తడుముకుంది. "ఒసేయ్, నన్ను గానీ కొలుస్తున్నావా ఏంటి?"