ముందు బొత్తాలు, తర్వాత రిపోర్టు

"ఇది లూపస్ కాదు కదా మేడమ్?"

కుర్చీలో కూర్చోకముందే తల్లి నోట వచ్చిన మాట అది. ఆమె రసాయనశాస్త్రం చెప్పే టీచరు. ఆరేళ్ల కూతురు మోకాళ్ల నొప్పులంటే రక్తపరీక్ష చేయించింది. ఏఎన్‌ఏ పాజిటివ్ అని వచ్చింది. ఒళ్లు తన కీళ్ల మీదా చర్మం మీదా తానే దాడి చేసే లూపస్ లాంటి జబ్బుల్లో కనబడే గుర్తు అది. మూడు వారాలుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

కీళ్ల డాక్టరమ్మ రిపోర్టు అందుకుని, చూడకుండానే బల్ల మీద బోర్లించింది.

"ఇరవై ఏళ్లుగా ఇదే తంతు," అంది తలుపు దగ్గర నర్సమ్మ. "కాగితానికి ఇక్కడ ఆఖరి టోకెన్."

"ఊరికే కాదు తల్లీ," అంది డాక్టరమ్మ టీచరుతో. "కొత్తలో ఇలాంటి కాగితం నమ్మి, ఏ జబ్బూ లేని పిల్లకు ఏడాది స్టెరాయిడ్లు ఇచ్చాను. దాని ముఖం బంతిలా ఉబ్బిపోయింది. ఆ తర్వాత, పాజిటివ్ వచ్చినా హాయిగా తిరిగే పిల్లల్ని వెతికి పట్టుకుని పదిహేనేళ్లు వెంటబడ్డాను. నా పరిశోధనంతా అదే. చాలామంది నిక్షేపంగా ఉన్నారు. ఒకడైతే ఇప్పుడు తన పిల్లల జలుబుకి కూడా నా దగ్గరికే వస్తాడు."

మాట్లాడుతూనే పిల్ల గోటి మొదట్లో నూనె చుక్క వేసి, ఈ జబ్బుల్లో వంకర్లు తిరిగే సన్నటి రక్తనాళాలను భూతద్దంలో చూసింది. బుద్ధిగా వరసలో ఉన్నాయంది. ఒక్కో కీలూ నొక్కింది. పిల్ల కితకితలని మెలికలు తిరిగింది.

"కీళ్ల జబ్బయితే పొద్దున వేళ్లు బిగుసుకుంటాయి. బొత్తాలు ఎవరు పెడతారు?"

"నేనే," అంది తల్లి.

"సీసా మూత?"

"నేనే మేడమ్. నొప్పి పుడుతుందేమోనని..."

"పిల్లలు చేయాల్సిన ప్రయోగం నువ్వే చేసేస్తే, వాళ్లకు వచ్చో రాదో ఎలా తెలుస్తుంది టీచరమ్మా?"

పిల్ల స్వెటరు బొత్తాలు విప్పి మళ్లీ పెట్టుకోసాగింది. సాయానికి లేచిన తల్లి చేతిని డాక్టరమ్మ పట్టి ఆపింది. అయిదూ చకచకా పడ్డాయి.

"అమ్మయితే ఒకటి తప్పు పెడుతుంది," అంది పిల్ల.

డాక్టరమ్మ అప్పుడు రిపోర్టు తిప్పి చదివింది. "నొప్పి ఎప్పుడు?"

"సాయంత్రం, ఆడుకుని వచ్చాక," అంది తల్లి.

"ఎదిగే పిల్లల నొప్పులు. లూపస్ లేదు. వాపు, జ్వరం, దద్దుర్లు కనబడితే వెంటనే తీసుకురా."

ఇప్పుడు రోజూ పొద్దున పిల్ల బొత్తాలు పెట్టుకుంటుంటే, బడి బస్సు హారన్ కొడుతున్నా ఆ తల్లి కదలదు. తలుపు దగ్గర నిలబడి డాక్టరమ్మ చివరి మాట తలుచుకుంటుంది: "రోజూ బొత్తాలు తననే పెట్టుకోనివ్వు. నువ్వు చేతులు కట్టుకుని చూడు."