ముగ్గురూ వింటేనే మాట

ఆ రోజుల్లో నాకు కోపం వస్తే ముందు బొటనవేళ్లకు వచ్చేది. ఫోన్‌లో టైపు చేసి పంపేశాక గానీ తలకెక్కేది కాదు. బెంగళూరులో పెరిగిన నేను, ఉద్యోగం వచ్చేలోపు కొన్నాళ్లు కోరమండల్ అనే పాత గనుల ఊళ్లో అవ్వ దగ్గరున్నాను. అక్కడివన్నీ గని కార్మికుల ఇళ్లు. ఒక్కో వరసను ఒక్కో లైన్ అంటారు. మా పైలైన్ కొళాయిల్లో నీళ్లు దారంలా వచ్చేవి. అవ్వ మోకాళ్ల నొప్పులతోనే కింది లైన్ నుంచి బిందె మోసుకొచ్చేది. (నేను మోస్తానంటే, "నీ నడుము పట్టుకుంటే మీయమ్మకు నేనేం చెప్పేది?" అనేది.)

లైన్ల కమిటీలో ముప్పై మంది. అందరూ ఒకేసారి మాట్లాడేవారు, కాఫీ రాగానే ఒకేసారి ఆగేవారు. చివరికి నీళ్ల సంగతి చూడమని సబ్ కమిటీ వేశారు: గనిలో దూలాలు నిలబెట్టి రిటైరైన టింబర్ తాత, లెక్కల టీచరమ్మ, ఫోన్ ఉంది కాబట్టి నేను. పదవి వచ్చిన పది నిమిషాలకే గ్రూపులో పెట్టేశాను: "కింది లైన్‌వాళ్లు మోటార్లతో మా నీళ్లు లాగేస్తున్నారు. రేపట్నుంచి ముందు పైలైన్‌కే నీళ్లు. ఇది సబ్ కమిటీ నిర్ణయం."

ఆ సాయంత్రం కింది లైన్‌వాళ్లు అవ్వను బిందె పెట్టనివ్వలేదు. ఖాళీ బిందెతో తిరిగొచ్చి, దాన్ని నా ముందు పెట్టి లోపలికి పోయింది. వెనకాలే తాత వచ్చాడు.

"ఏమప్పా, మనం ముగ్గురం యాడ కూర్చొని నిర్ణయం చేసినాము?"

"వాళ్లు దొంగలు తాతా."

"చూసినావా?"

నేను ఫోన్‌లో నా మెసేజ్ మళ్లీ చదువుకున్నాను.

"గనిలోకి దిగిన గ్యాంగు పని, రాయి ఎట్లుండాదో చూసొచ్చి చెప్పేది. ఏం చేయాల్నో పైన అందరూ కూర్చొని తేలుస్తారు. ఇంగ ఆ ఫోను జేబులో పెట్టు."

మర్నాడు తెల్లవారగానే టీచరమ్మ ఇంటింటికీ తిరిగి కొళాయిలన్నీ మూయించింది. మోటార్లున్నాయేమో కూడా చూసింది, ఒక్కటీ లేదు. తాత మట్టిలోని పైపుకు తగిలేలా ఇనుపకడ్డీ గుచ్చి, పైకొనకు చెవి ఆనించాడు. గనిలో రాతికప్పును కడ్డీతో తట్టి ఇలాగే వినేవాళ్లట. గ్యాంగులో ముగ్గురు విని ఒకే మాట చెబితే తప్ప ముందుకు అడుగేసేవాళ్లు కాదట. కింది లైన్ పొడుగునా నిశ్శబ్దం. పైలైన్‌లో ఒకచోట తాత ఆగాడు. టీచరమ్మ విన్నది. కడ్డీ నాకిచ్చారు. లోపల కుక్కర్‌లా బుస.

తలెత్తి చూస్తే మా అవ్వ కరివేపాకు చెట్టు. ఎండాకాలంలోనూ పచ్చగా నిగనిగలాడే చెట్టు. 'అవ్వ చేతి చలువ' అని గ్రూపులో దాని ఫోటో పెట్టింది నేనే.

"ఏమి వినపడినాది?" అన్నాడు తాత. ఇద్దరికీ తెలుసు. అయినా నా మాట కోసం ఆగారు. ఏమీ వినపడలేదని చెబితే చెట్టూ పరువూ దక్కుతాయి, అవ్వకు నీళ్లే దక్కవు.

"ఇక్కడే తాతా, లీకు," అన్నాను.

కమిటీలో తాత ఎవరి చెట్టో చెప్పలేదు. "పైలైన్‌లో పైపు పగిలుండాది. ముగ్గురం విన్నాము," అన్నాడంతే. ముప్పై మందీ కాఫీ రాకముందే ఊరుకున్నారు. నేనే లేచి, పగిలింది మా కరివేపాకు చెట్టు కిందేనని, చెట్టు కొట్టి తవ్వాలని, గ్రూపులో పెట్టిన నిర్ణయం నేనొక్కణ్ణే చేశానని ఒప్పుకున్నాను.

"కొట్టేముందు ఒక పిలక మాకియ్యండప్పా," అంది కింది లైన్ అమ్మ. "ఇన్నాళ్లూ తాగింది మన నీళ్లే కదా."

ఇప్పుడు నేను బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నాను. ఫోన్ ఇంకా చేతిలోనే. కోపంగా టైపు చేసి పంపబోతే "చూసినావా?" అని వినిపిస్తుంది, సగం మెసేజ్‌లు అక్కడే ఆగిపోతాయి. (మిగతా సగం గురించి మా కమిటీని అడగండి.) అవ్వ కొళాయి ఇప్పుడు ధారగా పోస్తుంది. కరివేపాకు మాత్రం కింది లైన్‌కు వెళ్లి అడిగి తెచ్చుకుంటుంది.