ఎడమ చివర నిలబడ్డవాళ్లు

మా మేనకోడలిని ఎవరైనా ‘పాపం’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. పిల్ల తనే పాట రాస్తుంది, తనే బాణీ కడుతుంది, తనే పాడుతుంది. డ్రమ్ముల దగ్గర్నుంచి ఫ్లూటు దాకా అన్నీ కంప్యూటర్లో తనే పుట్టిస్తుంది. తయారైన పాటను ఏ కంపెనీ గుమ్మం తొక్కకుండా తనే జనంలోకి వదులుతుంది. స్టేజీ మీద చూడండి, ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఓ బొత్తాల పెట్టె, ఒక మైకు, వెనకాల ఒక్కతే మనిషి. ఇందులో పాపం ఎక్కడుంది? కాకిపిల్ల కాకికి ముద్దు అంటారా, అనండి. ఈ కాకి చిన్నప్పటి నుంచీ స్పీకర్లు, మైకులు అద్దెకిచ్చి బతుకుతోంది. పాట బాగుందో లేదో కాస్తో కూస్తో తెలుసు.

పాటల మీద ఆవిడగారి పేరు ‘పిచ్చుక’ అని ఉంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. పసితనంలో నోట్లో అన్నం ముద్ద ఉన్నా కిచకిచలాడుతూనే ఉండేది. బడిలో వేసిన ఏడాదే పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ ఎడమ చెవిని పట్టుకుపోయింది. ఇక రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పటినుంచి ఇంట్లో అందరం దానికి కుడిపక్కనే నడవడం అలవాటు చేసుకున్నాం. ఎటునుంచి పిలిచారో దానికి తెలియదు. వెనక నిలబడి పిలిస్తే ముందున్న గోడను పలకరించేది.

మా అక్క బస్టాండు టికెట్ కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనంతో మాట్లాడే మనిషి. కానీ ఈ ఒక్క మాట మాత్రం ఎవరికీ పొక్కనివ్వలేదు. ఇంట్లో మాట్లాడాలన్నా గోడలకు చెవులుంటాయి అనేది. ‘గోడకు రెండు ఉండుంటాయి, నాకే ఒకటి తక్కువ’ అని పిచ్చుక నవ్వేది. అక్క నవ్వేది కాదు. కూతురి చెవి పోయినందుకు కాదు ఆమె భయం. తెలిసిన ప్రతివాడూ తల పక్కకు వాల్చి ‘పాపం’ అంటాడని, ఆ తర్వాత పిల్ల ఏం చేసినా ఆ పాపం కిందే జమ అవుతుందని. ఒకరిద్దరు అలా అనడం నేనూ విన్నాను. వాళ్ల పీక నొక్కాలనిపించింది.

పిచ్చుకను చిన్నప్పుడే మా షాపు పట్టుకుంది. వైర్లు చుట్టడం, మైకులు పరీక్షించడం చకచకా నేర్చుకుంది. ఓ పెళ్లిలో కిందపడి రెండు మెట్లు పలకడం మానేసిన కీబోర్డు ఒకటి మూలన ఉంటే అది తీసుకుని వెనక గదిలో దూరింది. ఆ గదిలో ఖాళీ స్పీకరు పెట్టెలు, దుమ్ము, ఒక కిటికీ తప్ప ఏమీ లేవు. రెండు స్పీకర్లు పెట్టుకోవే అంటే, ‘రెండోది ఎవరికి మావయ్యా, నీకా?’ అంది. పాతది, అట్ట చివర చిరిగినది ఒక్కటి తీసుకుంది. ఈనాటికీ దానికి అదే.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి. మామూలుగా పాటను రెండు పాయలుగా చీలుస్తారు. గిటారు ఎడమ స్పీకరులోకి, కీబోర్డు కుడి స్పీకరులోకి, ఇలా పంచుతారు. రెండు చెవులతో వినేవాడికి అవి బుర్రలో కలిసి పాట విశాలంగా తోస్తుంది. దాన్నే స్టీరియో అంటాం. రెండు శబ్దాలు ఒకదాన్నొకటి తొక్కేస్తుంటే, ఒకదాన్ని అటూ ఒకదాన్ని ఇటూ జరిపితే తగువు తీరిపోతుంది. మా పిల్లకి ఆ వెసులుబాటు లేదు. దాని పాటలో అందరూ ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చోవాలి. అందుకని ఏది ముందు రావాలి, ఏది లావుగా ఉండాలి, ఏది నోరు మూసుకోవాలి అని వారాల తరబడి తన్నుకునేది. గొంతు వచ్చినప్పుడు తాళం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకునేది. గొంతు ఊపిరి తీసుకునే సందులో చిన్న గంట ఒకటి వచ్చి పోయేది. ఒక్కో రోజు బెంచీ మీదినుంచి సగం మందిని లేపి పంపేసేది. అన్నం వేళయింది రావే అని ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వినపడే చెవికి కూడా వినపడేది కాదు.

మొదటి పాటలు విన్నది నేనూ, అక్కా, లారీ తోలుతూ బావా. అంతే. పిల్ల కుంగిపోలేదు. పగలు నా షాపులో పని, సాయంత్రం వెనక గది. అలా ఉండగా ఒకరోజు మంగలి షాపులో గడ్డం చేయించుకుంటుంటే, అద్దం ముందు పెట్టిన ఫోన్లోంచి మా పిచ్చుక పాట వచ్చింది. కదిలితే చెంప తెగేది, అయినా కదిలాను. ఆ తర్వాత బస్సు కండక్టరు జేబులో విన్నాను, పళ్లు అమ్మే ఆవిడ బండి మీద విన్నాను. అవన్నీ అగ్గిపెట్టె అంత ఒకే ఒక్క స్పీకరున్న చవక ఫోన్లు. పెద్ద పెద్ద పాటలు వాటిలో చిక్కి సగమయ్యేవి. దీని పాట మాత్రం మొత్తంగా పలికేది. మా వాళ్లు దాచిన చెవిటితనమే దాన్ని ఊరంతా తిప్పింది.

అలా పేరు పాకి, పెద్ద మైదానంలో జరిగే కచేరీకి పిలుపొచ్చింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. వారం తిరక్కుండా అక్కడి సౌండు ఇంజనీరు ఫోన్ చేశాడు. మర్యాదస్థుడు, కోపంగా ఏమీ అనలేదు. మీ పాటలు బాగున్నాయి గానీ అన్నీ నడిమధ్యే ఉన్నాయి, మిగతావాళ్ల పక్కన ఇరుకుగా వినిపిస్తాయి, ఎడమ కుడి పంచి మళ్లీ పంపండి అన్నాడు. పిచ్చుక ఎందుకు పంచలేదో చెప్పబోతే, ఎదురుగా కూర్చున్న అక్క చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. సరే పంపిస్తానని పెట్టేసింది.

పిచ్చుకతో చదువుకున్న స్నేహితురాలు ఒకమ్మాయి కూర్చుని పాటలన్నీ శ్రద్ధగా రెండు పక్కలకూ పంచి ఇచ్చింది. నేను విన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. పిచ్చుక హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాసేపు విని, తీసి, అటుదిటు తిప్పి పెట్టుకుని మళ్లీ వింది. దాని మొహం వాడిపోయింది.

“ఇటు పెట్టుకుంటే గంట లేదు మావయ్యా. అటు పెట్టుకుంటే తాళం లేదు. నా పాట ఎక్కడా లేదు.”

మర్నాడు ఇంజనీరుకు తనే ఫోన్ చేసి, నా పాటలు ఉన్నవి ఉన్నట్టే వినిపిస్తాను అంది. మీ ఇష్టం, మంచి చెడ్డా మీదే అన్నాడాయన. అక్క ఇల్లు పీకి పందిరేసింది. అంతమందిలో తేలిపోతే మళ్లీ పిలుస్తారా? ఎందుకిలా చేశావని అడగరా? అడిగితే ఏం చెప్తావ్? అన్నేళ్లు దాచింది ఒక్క పూటలో వీధిన పడుతుంది, నీ పాట పోయి నీ చెవి మిగులుతుంది అంది. మిగతావాళ్లయితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్లు. పిచ్చుకకు వదలడానికి ఆ చెవి ఏదీ? తల్లి అన్న ప్రతి మాటా లోపలే పెట్టుకుని కచేరీకి బయల్దేరింది.

మైదానం జనంతో కిటకిటలాడుతోంది. ముందుకు పోదాం రా అంటే అక్క రాలేదు. ఎడమ చివర, నీళ్ల కుళాయిల దగ్గర కంచెనానుకుని చేతిసంచీ గుండెకు అదుముకుని నిలబడింది. ఏదైనా తేడా వస్తే పిల్ల కంటపడకుండా వెళ్లిపోవచ్చని. నేనూ అక్కడే ఉండిపోయాను.

పిచ్చుక కంటే ముందు పాడినవాళ్లు గట్టివాళ్లే, వంక పెట్టను. కానీ మేమున్న చోటికి ఎడమ స్పీకర్లే వినపడతాయి. గాయకుడు పాటలో ప్రశ్న అడుగుతాడు, జవాబు రాదు. జవాబు చెప్పే గొంతు కుడి పక్క ఉంది మరి. మా చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు, ఒకాయన పిల్లాడికి మూతి కడుగుతున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. మధ్యలో నిలబడ్డ కొద్దిమందిని తీసేస్తే, అంత పెద్ద మైదానంలో ప్రతివాడూ ఒంటిచెవివాడే.

పిచ్చుక వచ్చింది. అంత పెద్ద స్టేజీ మీద, బల్ల వెనక పిట్టంత మనిషి. పాట మొదలైంది. తాళం వచ్చింది, గొంతు వచ్చింది, గొంతు ఊపిరి తీసుకునే సందులో గంట కూడా వచ్చింది. మా వెనక గదిలో ఎలా వినేవాణ్ణో అలాగే ఉంది. మూతి కడిగే ఆయన చెయ్యి ఆపాడు. కుళాయి దగ్గరవాళ్లు సీసాలు నిండకుండానే స్టేజీ వైపు తిరిగారు. నేను ఆగలేక జనాన్ని తోసుకుంటూ కుడి చివరిదాకా పోయాను. అక్కడా అంతే, ఒక్క పోగు తగ్గలేదు. తిరిగొచ్చేసరికి మా చివరంతా ఊగుతోంది. అక్క మాత్రం సంచీ పట్టుకుని బొమ్మలా నిలబడి ఉంది.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగేదాకా ఆగి, పిచ్చుక మైకు దగ్గరికి జరిగింది.

“నాకు ఎడమ చెవి వినపడదండీ. చిన్నప్పటి నుంచీ అంతే. ఎడమ చివర నిలబడ్డవాళ్లకి పాటంతా వినిపించిందా? కేకలేస్తే ఎటునుంచో నాకు తెలీదు. చేతులెత్తండి.”

అక్క మొహం చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. మా చివర చేతులు లేచాయి. కంచె పొడుగునా, కుళాయిల దగ్గర, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్లు కూడా ఒక చెయ్యి ఖాళీ చేసుకుని ఎత్తారు. ఆ చేతుల మధ్య ఒక చేతిసంచీ లేచింది. మా అక్కదే. వేళ్ల మీద నిలబడి, సంచీతో సహా చెయ్యి ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు.

పిల్లాడి తండ్రి ఆమె వంక చూసి, మీకు తెలిసిన అమ్మాయా అని అడిగాడు.

“మా అమ్మాయే. దానికి ఎడమ చెవి వినపడదు,” అంది అక్క, కూతురికి క్లాసులో మొదటి ర్యాంకు వచ్చిందని చెప్పినట్టు.

ఆయన పాపం అనలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కకు జరిగి, స్టేజీ బాగా కనపడే చోటు ఆమెకిచ్చాడు. రెండో పాట మొదలయ్యేదాకా అక్క చెయ్యి దించలేదు.